ఉద్యోగంలో చేరాక పాలు తగ్గకుండా – నాలుగో పాఠం: ఆఫీసులో మొదటి వారం

ఫ్రీజర్‌లో మీరు తీసి దాచిన తల్లిపాలు మూడు, నాలుగు వందల మి.లీ. చేరి ఉంటే మూడో పాఠంలో చెప్పిన పని పూర్తయినట్టే. మొదటి రోజుకు, మధ్యలో ఒక రోజు తడబడితే ఆదుకోవడానికి అవి సరిపోతాయి. ఫ్రీజరంతా నింపాలని నిద్ర మానుకోకండి. ఇకపై ఇవాళ ఆఫీసులో తీసిన పాలు రేపు బిడ్డ తాగుతుంది, అంతే.

ఈ వారం నేర్చుకోవాల్సింది సార్ల లెక్క, అంటే రోజుకు ఎన్నిసార్లు బిడ్డకు పాలిచ్చారు, ఎన్నిసార్లు బ్రెస్ట్ పంపుతో పాలు తీశారు అన్నది. రొమ్ము ఇసుకలో తవ్విన చెలమ లాంటిది, తోడినకొద్దీ ఊరుతుంది. తోడకుండా నిండుగా వదిలేస్తే, పాలు ఇక చాలన్న సంకేతం లోపలినుంచే అంది తయారీ నెమ్మదిస్తుంది. ఒక్క రోజు ఒక పంపు తప్పితే ఏమీ కాదు. రోజూ మధ్యాహ్నం మీటింగు పేరు చెప్పి అదే పంపు తప్పుతుంటే, కొద్ది రోజుల్లోనే పాలు వెనక్కి పోతాయి. అప్పుడు అందరూ మెంతులు, వెల్లుల్లి పెంచమంటారు. అవి తినండి, ఒంటికి మంచివే. కానీ తప్పిపోయిన పంపు లోటును ఏ బాలింత పథ్యమూ పూడ్చలేదు.

ఒక ఉదాహరణ వేసి చూద్దాం. ఇల్లు ఎల్బీనగర్, ఆఫీసు మాదాపూర్, అమీర్‌పేటలో మెట్రో మారాలి. గడప దాటేది 8కి, తిరిగొచ్చేది 7కి. అంటే బిడ్డకు 11 గంటలు దూరం. బయల్దేరే ముందు 7:30కి కడుపునిండా పాలివ్వండి. 10:30కి, 1:30కి, 4:30కి పంపు చేయండి. ఇంటికి రాగానే చేతులు కడుక్కుని మళ్ళీ రొమ్ముకు పట్టండి. బిడ్డకు గంటకు సుమారు 30 మి.లీ. చొప్పున 330 మి.లీ. కావాలి, సారికి 110 వస్తే లెక్క సరిపోయింది. పొద్దున 130 వచ్చి సాయంత్రం 80కి పడిపోవడం సహజం, దానికి బెంగ వద్దు. మొదటి నెల దాటాక ఆరో నెల దాకా బిడ్డ రోజు మొత్తం తాగే పాలు సుమారు 750 మి.లీ. దగ్గరే ఉంటాయి. నెల పెరిగింది కదా అని సీసా పెంచక్కర్లేదు.

ఈ మూడు సమయాలనూ క్యాలెండర్‌లో అరగంట చొప్పున రోజూ వచ్చేలా పెట్టేయండి. భోజనంతో కలపకండి. బిడ్డకు 15 నెలలు నిండేదాకా మామూలు విరామం కాక రోజుకు మరో రెండు పాలిచ్చే విరామాలు చట్టమే ఇచ్చింది. 50 మంది లేదా అంతకు మించి ఉన్న సంస్థకు క్రెష్ (పసిపిల్లలను చూసుకునే చోటు) ఉండాలి, తల్లి రోజుకు నాలుగుసార్లు అక్కడికి వెళ్ళొచ్చు. క్రెష్ దగ్గరలో ఉంటే పంపు కన్నా నేరుగా పాలివ్వడమే మేలు.

ఇక పంపు దగ్గర కూర్చున్నాక ఏం జరగాలి? ముందు చేపు రావాలి, అంటే పాలు ధారగా దిగాలి. వేగంగా, తేలిగ్గా లాగే మోడ్‌లో ఒకటి రెండు నిమిషాలు ఉంచండి. రొమ్ములో జివ్వుమని, పాలు ధారగా మొదలవగానే నెమ్మదిగా, బలంగా లాగే మోడ్‌కు మార్చండి. బలం పెంచుతూ పోయి ఇబ్బంది అనిపించిన చోట ఒక మెట్టు తగ్గించండి. నొప్పి పెడితే చేపు ఆగిపోతుంది, బలం పెంచితే పాలు పెరుగుతాయన్నది ఒట్టి భ్రమ. రెండు వైపులా ఒకేసారి పెట్టి, అరచేత్తో మెల్లగా నొక్కుతూ 15 నుంచి 20 నిమిషాలు చేయండి. ధార ఆగాక కూడా రెండు నిమిషాలు ఉంచితే చాలాసార్లు రెండో చేపు వస్తుంది. సీసాలో గీతలవైపే చూస్తూ కూర్చుంటే మనసు బిగుసుకుని చేపు ఆలస్యమవుతుంది. సీసాకు బిడ్డ సాక్సు తొడిగి ఫోన్‌లో బిడ్డ వీడియో చూడండి.

పాలు తగ్గాయి అనిపించగానే మొదట చూడాల్సింది వాల్వు. బాతు ముక్కులా ఉండే చిన్న సిలికాన్ ముక్క అది, కొసన సన్నటి చీలిక ఉంటుంది. వెలుతురుకు ఎదురుగా పట్టుకోండి. రెండు పక్కలనుంచీ మెల్లగా నొక్కితే చీలిక తెరుచుకోవాలి, వదలగానే పెదవులు మూసినట్టు పూర్తిగా మూసుకోవాలి. వదిలాక కూడా వెలుతురు గీతలా కనిపిస్తే ఆ వాల్వు పనైపోయింది. మోటారు చప్పుడు మారదు కాబట్టి లోపం పంపులో ఉందని తట్టదు, తల్లి తన పాలే ఇంకిపోయాయని ఏడుస్తుంది. రోజుకు మూడుసార్లు వాడేవారు నెలకో, రెండు నెలలకో వాల్వు మార్చాలి. బ్యాగులో ఒక జత అదనంగా ఉండాలి. బ్రష్షుతో, పిన్నుతో చీలికను ఎప్పుడూ గీకకండి. వాల్వు బాగుంటే ఛార్జింగు, ఆ తర్వాత ట్యూబు చూడండి. ట్యూబులో చెమ్మ పడితే సీసాలు తీసేసి, పంపును ఖాళీగా కొన్ని నిమిషాలు నడిపితే ఆరుతుంది.

తీసిన పాలు 25 డిగ్రీల గదిలో నాలుగు గంటలు ఉంటాయి. మే నెలలో ఆటో, పార్కింగులో ఎండకు కాగిన కారు ఆ లెక్కలోకి రావు. గడ్డకట్టిన ఐస్ ప్యాకులు సీసాలకు ఆనుకునేలా సర్దితే కూల్ బ్యాగులో 24 గంటలు ఉంచొచ్చు. ఫ్రిజ్‌లో నాలుగు రోజులు, తలుపు అరల్లో వద్దు, లోపల వెనకవైపు పెట్టాలి. కొత్తగా తీసిన పాలను చల్లబరిచాకే, అదే రోజు అంతకుముందు తీసిన పాలలో కలపండి. పంపు భాగాలను ఆఫీసు సింకులో పడేయకండి, వాటికని ఒక చిన్న గిన్నె పెట్టుకోండి. మూడు సెట్లు ఉంటే ఇంటికొచ్చాక ఒకేసారి కడిగి, ఐదు నిమిషాలు మరిగించి, గుడ్డతో తుడవకుండా గాలికి ఆరబెట్టొచ్చు.

ఇప్పుడు ఇంటి సంగతి. సగం సమస్యలు పుట్టేది అక్కడే. అమ్మమ్మో నానమ్మో బిడ్డను పడుకోబెట్టి సీసా నిలువుగా పడితే 120 మి.లీ. ఐదు నిమిషాల్లో దిగిపోతుంది. కడుపు నిండిన సంగతి బిడ్డకు తెలిసేలోపే సీసా ఖాళీ. ఇంకా చప్పరిస్తుంటే ఆకలి తీరలేదని మరో సీసా వేడిచేస్తారు. సాయంత్రానికి 500 మి.లీ. అయిపోతాయి, మీరు తెచ్చిన 330 చాలలేదన్న మాట పడుతుంది. కాబట్టి పెద్దవాళ్ళకు దగ్గర కూర్చుని చేసి చూపించండి. బిడ్డను నిటారుగా ఒళ్ళో కూర్చోబెట్టి, సన్నధార నిపుల్ ఉన్న సీసాను అడ్డంగా పట్టి, మధ్యమధ్య వంచి ఆపుతూ 60 నుంచి 90 మి.లీ.ను 15 నిమిషాలు తాగించాలి. ఉగ్గుగిన్నె అలవాటున్న ఇంట్లో అదే మంచిది. అంచు కింది పెదవికి తగిలిస్తే బిడ్డే నాలుకతో అందుకుంటుంది, నోట్లో పోయకూడదు. వేడిచేయడానికి గోరువెచ్చని నీళ్ళ గిన్నె చాలు, మైక్రోవేవ్ వద్దు. బిడ్డ తాగి వదిలేసిన పాలు రెండు గంటలు దాటితే పారబోయాలి. ఆరు నెలల్లోపు బిడ్డకు ఎండాకాలంలోనూ నీళ్ళు పట్టొద్దు.

నిజంగానే తగ్గితే, రోజుకో గంట ఇలా కేటాయించండి: 20 నిమిషాలు పంపు, 10 విరామం, 10 పంపు, 10 విరామం, 10 పంపు. వారం చేసి చూడండి. పాలు ఊరించే హార్మోను రాత్రిపూట ఎక్కువ, అందుకే రాత్రి పాలు మాన్పించకండి. జలుబు మాత్రల్లో సూడోఎఫిడ్రిన్, గర్భనిరోధక మాత్రల్లో ఈస్ట్రోజెన్ పాలను తగ్గిస్తాయి. అవి వాడేముందు డాక్టరుకు పాలిస్తున్నానని చెప్పండి. రొమ్ములో గడ్డ తగిలితే పిడికిలితో పిసకొద్దు, చల్లటి గుడ్డ వేసి ఎప్పటిలాగే పాలివ్వండి. జ్వరం వచ్చినా, ఎర్రబడి మరుసటి రోజుకు తగ్గకపోయినా డాక్టరు దగ్గరికి వెళ్ళాలి.

ఈ వారం అభ్యాసం: సెలవులో ఉన్న చివరి రోజున పాలివ్వడం, పంపు కలిపి 24 గంటల్లో ఎన్నిసార్లో లెక్కపెట్టండి. చాలామందికి ఏడో ఎనిమిదో వస్తుంది. ఆ అంకెను నోటుబుక్కు మొదటి పేజీలో రాసి, సోమవారం నుంచి ఏ రోజు ఎన్నిసార్లో కింద రాస్తూ పోండి, మి.లీ.లు మాత్రం రాయకండి. అంకె తగ్గిన రోజుకు ఎదురుగా ఏ పంపు తప్పిందో, ఎందుకు తప్పిందో ఒక్క మాటలో పెట్టండి. శనాదివారాల్లో పంపు పక్కనపెట్టి, బిడ్డ అడిగినప్పుడల్లా రొమ్ముకే పట్టండి. ఐదో పాఠం నైట్ షిఫ్టు వాళ్ళకు, దానికి ఈ నోటుబుక్కే కావాలి.