రాచెట్ బెల్టు కోసే ముందు ఒక్క నిమిషం ఆగండి

ఈ బెల్టుకు రంధ్రాలు ఉండవు. వెనకవైపు కుట్టిన పళ్ల పట్టీ మీద బకిల్ టక్‌టక్‌మంటూ బిగుస్తుంది. పొడవుగా వస్తుంది కాబట్టి మన నడుముకు తగ్గట్టు కోసుకోవాలి. అబిడ్స్‌లోనో కోఠిలోనో కొనేటప్పుడు ఇవి చూసుకోండి.

☐ పక్క అంచు చూడండి. పైన ప్లాస్టిక్ పూత, లోపల గుడ్డ కనిపిస్తే అది రెక్సిన్, లెదర్ కాదు.

☐ బకిల్‌ను షాపులోనే పది సార్లు పెట్టి తీయండి. గట్టిగా లాగినా జారకూడదు.

☐ ఆఫీసు ప్యాంటుకైతే 35 మిల్లీమీటర్ల వెడల్పు చాలు. ప్యాంటు లూపుల్లో దూరాల్సింది పట్టీ మాత్రమే, బకిల్ కాదు.

☐ అసలు జాగ్రత్త కోయడంలోనే ఉంది. కొసవైపు ఎప్పుడూ కోయకండి, బకిల్ బిగించే వైపే కోయాలి. రోజూ వేసుకునే ప్యాంటు మీద, చొక్కా లోపల దోపుకుని, నడుం కొలవండి. బిర్యానీ తిన్నాక కూడా ఒకసారి కొలవమని నా సలహా, నిజంగానే తేడా వస్తుంది. లెక్కకు వచ్చినదానికన్నా అంగుళం ఎక్కువే ఉంచి, పెట్టుకుని చూసి, ఆ తర్వాత కొంచెం కొంచెంగా తగ్గించండి. నేను తొందరపడి ఒకేసారి కోసేశాను, మంచి బెల్టు పొట్టిదైపోయింది. కోసిన బెల్టును మార్చిస్తారో లేదో ముందే అడగండి.

☐ తీసేటప్పుడు బకిల్‌కున్న మీట నొక్కకుండా లాగొద్దు, పళ్లు అరిగిపోతాయి.

☐ వానలో తడిస్తే నీడలోనే ఆరనివ్వండి. ఎండలో పెడితే లెదర్ బిరుసెక్కి పగులుతుంది.