గరిక పూతకొచ్చే రోజుల్లో ముక్కు సంగతి

మా ఇల్లు ముమ్మిడివరం దగ్గర. పెరటి గోడ దాటితే వరిచేలు, గట్ల నిండా గరిక. వానలు తెరిపిచ్చాయంటే పొద్దున్నే వరస తుమ్ములు, మధ్యాహ్నానికి బుగ్గల కింద బరువు, పై పళ్ళల్లో సలుపు. పదకొండేళ్ళు దాన్ని పడిశెమనే అనుకున్నానండి. చివరికి చర్మం మీద చేసే ఎలర్జీ పరీక్షలో గరిక పుప్పొడి చుక్క వేసినచోటే దద్దురు లేచింది. ఏటా వినాయక చవితికి నా చేత్తో కోసే గరిక! ఆ పరీక్షకి కొన్నాళ్ళ ముందే ఎలర్జీ మాత్రలు ఆపాలి, ఎన్నాళ్ళో డాక్టరుగారినే అడగండి.

పుప్పొడి పడనివాళ్ళకి ముక్కు లోపలి పొర వాస్తుంది. ముక్కు చుట్టూ ఎముకల్లో ఉండే సైనస్ అనే గాలి గదుల సన్నటి దారులు మూసుకుపోయి చీమిడి లోపలే నిలిచిపోతుంది. మురుగు కాలువలో గుర్రపుడెక్క పేరుకుంటే చేలో నీళ్ళు దిగవు చూడండి, అలాగే. 12 వారాలు దాటినా తగ్గకపోతే దీర్ఘకాలిక సైనసైటిస్ అంటారు.

నాకు బాగా మేలు చేసింది ఉప్పునీళ్ళతో ముక్కు కడగడం. నీళ్ళు బాగా తెర్లించి, మూతపెట్టి గోరువెచ్చగా అయ్యేదాకా ఆగండి. పావులీటరుకి అర టీస్పూను అయోడిన్ లేని ఉప్పు, చిటికెడు తినేసోడా. ముందుకి వంగి తల పక్కకి వాల్చి, నోటితో గాలి పీలుస్తూ, ముక్కు కడిగే సీసాతో పై ముక్కులో నెమ్మదిగా పోస్తే కింది ముక్కులోంచి వచ్చేస్తాయి. తర్వాత గట్టిగా చీదకండి, చెవుల్లోకి తన్నుతుంది. సీసా కడిగి ఆరబెట్టండి.

ఒక్కటి మాత్రం నా మాట వినండి. కాలువ నీళ్ళు, చెరువు నీళ్ళు, కుళాయివి, ఆఖరికి టిన్ను నీళ్ళయినా సరే, మరిగించకుండా ముక్కులో పోయొద్దు. తాగితే ఏమీ చెయ్యని ఒకరకం అమీబా ముక్కులోంచి మెదడుకి పాకితే మనిషి దక్కడం చాలా కష్టం.

కడిగాక డాక్టరు రాసిన స్టెరాయిడ్ స్ప్రే. కుడి ముక్కుకి ఎడమ చేత్తో, ఎడమ ముక్కుకి కుడి చేత్తో, మధ్య గోడకి కాకుండా చెవి వైపుకి కొట్టాలి. ఒక్క పూటలో గుణం కనపడదు, రోజూ వాడాలి. నేనైతే ఇప్పుడు సీజనుకి రెండు వారాల ముందే మొదలుపెడతాను. ముక్కు వెంటనే తెరిచే చుక్కల మందు వేరు. ఎవరూ చెప్పక దాన్ని ఎనిమిది నెలలు వాడాను. అయిదు రోజులు దాటితే ఆ మందే ముక్కు బిగించేస్తుంది. మానడానికి నానా అవస్థా పడ్డాను.

వరి కూడా గడ్డిజాతిదే, దాని పువ్వు విచ్చేది పొద్దున తొమ్మిది నుంచి మధ్యాహ్నం లోపు. సార్వా, దాళ్వా ఈనే రోజుల్లో ఆ పూట చేలోకి వెళ్ళను. తప్పకపోతే మాస్కు కట్టుకుని వెళ్ళి, రాగానే తలస్నానం చేస్తాను. బట్టలు చేను వైపు ఆరెయ్యను.

కంటి చుట్టూ వాచినా, చూపు రెండుగా కనపడినా, జ్వరంతో మెడ పట్టేసినా ఇవేవీ చేస్తూ కూర్చోకండి. రాత్రయినా సరే ఆసుపత్రికి వెళ్ళిపోండి. ఒక ముక్కే మూసుకుపోయి రక్తం పడుతుంటే ఆ వారంలోనే చూపించుకోండి.