కంప్యూటర్‌తో వచ్చిన విండోస్ 10ను 11కి మార్చే ముందు

కంపెనీ వేసిచ్చిన విండోస్‌కి సాధారణంగా విడిగా సీడీ ఏమీ రాదు. తిరిగి వేసుకోవడానికి కావలసినదంతా అదే డిస్క్‌లో ఒక రికవరీ పార్టిషన్‌లో (డిస్క్‌లో విడిగా కేటాయించిన భాగంలో) ఉంటుంది. డిస్క్ పోతే అదీ పోయినట్టే, కాబట్టి దాన్ని బ్యాకప్ కింద లెక్కేయకండి. విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది. 11కి వెళ్లాలనుకుంటే ముందు ఈ పనులు చేయండి.

మొదట ఫైళ్లు ఎక్స్‌టర్నల్ డిస్క్‌లోకి. చాలామంది దెబ్బతినేది ఇక్కడే. డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్ ఫోల్డర్లు వన్‌డ్రైవ్‌కి (మైక్రోసాఫ్ట్ ఆన్‌లైన్ నిల్వకి) కలిసి ఉంటే ఫైల్ పక్కన మబ్బు గుర్తు కనిపిస్తుంది. అంటే పేరే తప్ప సరుకు మీ డిస్క్‌లో లేదు, సిస్టమ్ ఇమేజ్‌లోకీ (కింద చెప్పే మొత్తం డిస్క్ నకలులోకీ) రాదు. ఆ ఫోల్డర్‌పై రైట్ క్లిక్ చేసి 'ఆల్వేస్ కీప్ ఆన్ దిస్ డివైస్' నొక్కి, మబ్బులన్నీ ఆకుపచ్చ టిక్కులయ్యాకే కాపీ చేయండి.

తర్వాత స్టార్ట్ మెనూలో 'రికవరీ డ్రైవ్' అని వెతకండి. 32 జీబీ పెన్‌డ్రైవ్ పెట్టండి, అందులో ఉన్నవన్నీ చెరిగిపోతాయి. సిస్టమ్ ఫైళ్లను చేర్చే టిక్ తీసేయొద్దు, అది లేకపోతే ఆ పెన్‌డ్రైవ్‌తో విండోస్ తిరిగి వేసుకోలేరు. పూర్తయ్యాక ఆ పెన్‌డ్రైవ్ నుంచే కంప్యూటర్‌ని ఒకసారి మొదలుపెట్టి (బూట్ చేసి), మెనూ వస్తే ఆఫ్ చేసేయండి.

మొత్తం డిస్క్ నకలు కావాలంటే కంట్రోల్ ప్యానెల్‌లో 'బ్యాకప్ అండ్ రిస్టోర్ విండోస్ 7' ఉంది. పేరు పాతదే, పని చేస్తుంది. ఎక్స్‌టర్నల్ డిస్క్ ఎన్‌టీఎఫ్‌ఎస్ అనే ఫార్మాట్‌లో ఉండాలి. ఈ ఇమేజ్‌ని పాతదానికంటే చిన్న డిస్క్‌లోకి దింపలేరు.

బిట్‌లాకర్ అంటే డిస్క్‌లోని సమాచారాన్ని తాళం వేసినట్టు ఎన్‌క్రిప్ట్ చేసే విండోస్ సదుపాయం. దాని రికవరీ కీ, 48 అంకెలు, కాగితం మీద రాసుకోండి. హోమ్ ఎడిషన్‌లోనూ డిస్క్ ఎన్‌క్రిప్ట్ అయి ఉండొచ్చు. బయోస్‌లో (విండోస్ కంటే ముందు నడిచే మెషీన్ సెట్టింగ్స్‌లో) చిన్న మార్పు చేసినా కీ అడిగే అవకాశం ఉంది.

మీ మెషీన్ 11కి సరిపోతుందో చూసే మైక్రోసాఫ్ట్ యాప్ 'పీసీ హెల్త్ చెక్'. అది టీపీఎం 2.0 (11కి కావలసిన భద్రతా చిప్) లేదని చెబితే కంగారు పడకండి, చాలాసార్లు టీపీఎం బయోస్‌లో ఆఫ్‌లో ఉంటుంది. ఇంటెల్‌లో దాని పేరు పీటీటీ, ఏఎండీలో ఎఫ్‌టీపీఎం.

ఇక అప్‌గ్రేడ్. 30 జీబీ దాకా ఖాళీ చేసి, కంపెనీ వేసిన యాంటీవైరస్ తీసేసి, చార్జర్ పెట్టి ఉంచండి. అప్‌డేట్స్‌లో 11 కనిపించకపోతే మైక్రోసాఫ్ట్ సైట్ నుంచి ఐఎస్‌ఓ (విండోస్ వేసే సరుకంతా ఉన్న ఒకే ఫైల్) దింపి, డబుల్ క్లిక్ చేసి సెటప్ నడపండి. ఫైళ్లూ యాప్‌లూ ఉంచమనే ఆప్షన్ ఎంచుకోండి. ఆ ఆప్షన్ బూడిద రంగులో ఉండి నొక్కనివ్వకపోతే ఐఎస్‌ఓ భాషో ఎడిషనో మీదానితో కలవలేదన్నమాట, అక్కడే ఆపేయండి. కొత్త ప్రొడక్ట్ కీ అక్కర్లేదు.

సెటప్ 'సిస్టమ్ రిజర్వ్‌డ్ పార్టిషన్‌ను అప్‌డేట్ చేయలేకపోయాం' అంటే సీ డ్రైవ్ ఖాళీ చేసి లాభం లేదు. నిండినది బూట్ ఫైళ్లుండే చిన్న పార్టిషన్, చాలా మెషీన్లలో అది 100 ఎంబీయే.

నచ్చకపోతే 10 రోజుల్లోపు సెట్టింగ్స్, రికవరీలో 'గో బ్యాక్' నొక్కొచ్చు. ఈలోగా డిస్క్ క్లీనప్‌లో పాత విండోస్‌ను తుడిచేస్తే ఆ దారి మూసుకుపోతుంది. 11 కుదురుకున్నాక ఇంకో పెన్‌డ్రైవ్‌లో కొత్త రికవరీ డ్రైవ్ చేసుకోండి, పాతది 10నే తిరిగి వేస్తుంది.