చెరువులో, బోదెలో తిరిగే నీటి పురుగుల్ని గుర్తుపట్టడం ఎలా?

గోదావరి డెల్టాలో ఏ ఊరి చెరువు రేవులో కాసేపు కూర్చున్నా నీటి మీదా, నీటి కిందా రకరకాల పురుగులు కనిపిస్తాయి. వాటిని పట్టి గట్టు మీద పడేసి, రంగు చూసి పేరు వెతికితే దారి తప్పినట్టే. ఒకే రకం పురుగు నాచులో పెరిగితే పచ్చగా, బురదలో పెరిగితే మట్టిరంగులో ఉండొచ్చు. సైజు కూడా అంతే, పిల్లకీ పెద్దదానికీ పోలికే ఉండదు. గాలి ఎలా పీలుస్తోంది, ఎలా కదులుతోంది అన్న రెండు గుర్తులు మాత్రం అంత తేలిగ్గా మోసం చేయవు. అవి పురుగు బతికుండి, నీళ్లలో ఉన్నప్పుడే కనిపిస్తాయి. అందుకే పని సగం వల దగ్గర కాదు, బేసిన్ దగ్గర జరుగుతుంది.

1. చోటు, సమయం

ఎండాకాలంలో డెల్టా కాలువలు కట్టేస్తారు, అప్పుడు ఊరి చెరువులే దిక్కు. నీళ్లు వదిలాక గోదావరికి ఎర్రనీరు వచ్చే రోజుల్లో కాలువలో వెతకడం దండగ. ఒండ్రుకి ఏమీ కనబడదు, వడికి పురుగులూ నిలవవు. అక్టోబరు నుంచి ఫిబ్రవరి దాకా నీరు తేటపడి, అంచుల్లో మొక్కలు ఒత్తుగా ఉంటాయి. అదే మంచి సమయం. ఉదయం ఏడు నుంచి పది లోపు వెళ్లండి.

చెరువు నడుమ పెద్దగా ఏమీ దొరకదు. అంచు నుంచి మీటరు లోపల, కలువాకుల కింద, గుర్రపుడెక్క వేళ్లలో, తూటికాడల మధ్య వెతకండి. సిమెంటు లైనింగ్ వేసిన కాలువ కంటే మట్టిగట్టు బోదె నయం. కొత్తగా మందు కొట్టిన వరిచేలో, ఉప్పునీటి రొయ్యల చెరువులో పురుగులు తక్కువుంటే ఆశ్చర్యపోనక్కర్లేదు. కొల్లేరు, కోరింగ అభయారణ్యాల్లో అటవీశాఖ అనుమతి లేకుండా ఏదీ పట్టకూడదు.

నీళ్లలోకి దిగకుండా గట్టు మీద నుంచే పని కానివ్వండి. ఒండ్రుమట్టిలో గమ్‌బూటు దిగితే కాలు వస్తుంది గానీ బూటు రాదు. లాకుల దగ్గరికి అసలు పోవద్దు. చేతికో కాలికో గాయముంటే ఆ రోజుకి మానుకోండి. ఎలుక జ్వరం ఇలాంటి నీటి నుంచే అంటుకుంటుంది.

2. సామాను

నాలుగైదు అడుగుల వెదురు కర్రకి గట్టి ఇనుప చువ్వని 30 సెంటీమీటర్ల వెడల్పుతో వంచి కట్టి, దానికి దోమతెర గుడ్డ సంచిలా కుట్టాలి. చువ్వ గుండ్రంగా కాకుండా ముందు అంచు తిన్నగా ఉంటే అడుగుకి ఆనుతుంది. చీరగుడ్డ వాడొద్దు, నీరు దిగక బురద నిండిపోతుంది. ఇంకా: లోతు తక్కువున్న తెల్ల బేసిన్ (రంగు బేసిన్‌లో సగం పురుగులు కనబడవు), ఐస్ ట్రే, ప్లాస్టిక్ చెంచా, డ్రాపర్, మెత్తని పెయింటింగ్ బ్రష్, పది రెట్లు చూపే భూతద్దం, గ్రాఫ్ కాగితం ముక్క, పెన్సిలు.

3. వల వేసే ముందు

ఐదు నిమిషాలు కదలకుండా నీటి పైపొరను చూడండి. వల వేశాక ఇవి మళ్లీ కనబడవు. నాలుగు పొడవాటి కాళ్లు చాపి నీటి మీద జారేవి గెర్రిడ్లు. ముందరి రెండు కాళ్లు పొట్టిగా ఉంటాయి, ఎరను పట్టడానికి. నల్లగా మెరుస్తూ, గుంపుగా గిరగిరా తిరిగేవి గైరినిడ్లు. వీటి కళ్లు రెండు భాగాలుగా చీలి, ఒక జత నీటి పైకి, ఒక జత కిందికి చూస్తుంది. మొక్కల పక్కన చీపురుపుల్లలా సన్నగా, తీరిగ్గా నడిచేది హైడ్రోమెట్ర. పొడవాటి తల మధ్యలో కళ్లుంటాయి, ఇంకే గుర్తూ అక్కర్లేదు.

4. వల లాగడం

మొక్కల మధ్య వలను ఒక చోట మూడు నిమిషాలు అటూ ఇటూ తిప్పండి. పోయిన దారినే మళ్లీ వెనక్కి రావాలి, మొదటిసారి కదిలిన పురుగులు రెండోసారి వలలో పడతాయి. గుర్రపుడెక్కని మొత్తంగా ఎత్తి, వేళ్లను బేసిన్ నీళ్లలో ఝాడించండి. అడుగు బురద గుప్పెడు చాలు, దాన్ని వలలోనే కడిగేయాలి. అందరూ చేసే తప్పు ఇక్కడే: బురద ఎక్కువ పోసేసి, పురుగులు లేవనుకుని వెళ్లిపోతారు.

5. బేసిన్‌లో పది నిమిషాలు

అదే చెరువు నీళ్లు రెండు మూడు సెంటీమీటర్ల లోతున పోసి, నీడలో పెట్టి, తేటపడే దాకా ఆగండి. కుళాయి నీళ్లు వద్దు, క్లోరిన్ ఉండొచ్చు. పైన దోమతెర కప్పండి, చాలా పెంకు పురుగులూ, వెల్లకిలా ఈదేవీ ఎగిరిపోతాయి. ఇప్పుడు ఏది గాలి కోసం పైకి వస్తోంది, ఏది అడుగునే ఉంటోంది అని చూడండి. వేటాడే వాటిని చెంచాతో తీసి ఐస్ ట్రేలో ఒక్కో గదిలో ఒక్కోటి వేయాలి, లేకపోతే మీరు లెక్క పెట్టేలోపే ఒకదాన్నొకటి తినేస్తాయి. చేత్తో పట్టొద్దు. డిప్లోనికస్, అనిసోప్స్ అనే వేటాడే పురుగులు (వాటి గుర్తులు కింద ఉన్నాయి) ముక్కుతో పొడుస్తాయి.

6. గుర్తుపట్టడం

ముందు కాళ్లు లెక్కపెట్టండి. ఎనిమిదుంటే సాలీడో నీటి నల్లో, అంతకంటే ఎక్కువుంటే రొయ్య జాతి. అసలు లేకపోతే ఈగ, దోమ జాతి లార్వా కావచ్చు. రెండు చివరలా అతుక్కుంటూ సాగి సాగి నడిస్తే జలగ. కీళ్లున్న కాళ్లు ఆరుంటే ముందుకు వెళ్లండి.

తోక చివర గొట్టం పైకి పెట్టి గాలి తీసుకుంటుంటే నెపిడ్ కుటుంబం. బల్లపరుపుగా, మట్టిరంగులో ఉంటే లాకోట్రెఫెస్, అంటే నీటి తేలు. పుల్లలా ఉంటే రానాత్ర. ఆ గొట్టాన్ని కొండి అనుకుని భయపడతారు గానీ, అది ఊపిరి గొట్టమే. పొడిస్తే ముక్కుతోనే పొడుస్తుంది. తోక గొట్టం పొడుగ్గా లేకుండా కోడిగుడ్డు ఆకారంలో, ముందు కాళ్లు పటకారులా ఉంటే బెలోస్టోమటిడ్. వీపంతా గుడ్లతో కనిపించే డిప్లోనికస్ తల్లి కాదు, తండ్రి. ఆడది గుడ్లను మగదాని వీపుకే అతికిస్తుంది. వీధిదీపం కింద పడే అరచేతి పురుగు లెథోసెరస్, అదే కుటుంబంలో పెద్దది.

వెల్లకిలా ఈదేది నోటోనెక్టిడ్ (ఇక్కడ ఎక్కువగా అనిసోప్స్). బోర్లా ఈదుతూ, వీపు మీద సన్నని అడ్డగీతలుంటే కోరిక్సిడ్. వీటినీ పెంకు పురుగుల్నీ కలిపేస్తారు. వీపు చూడండి: రెక్కలు మధ్యలో తిన్నని గీతలా కలిస్తే పెంకు పురుగు, ఒకదాని మీద ఒకటి పడి ఎక్స్ ఆకారం వస్తే నల్లి జాతి (మంచంలో ఉండే నల్లి జాతి, పైన చెప్పిన ఎనిమిది కాళ్ల నీటి నల్లి కాదు).

పెంకు పురుగుల్లో రెండు కుటుంబాలు ఒకేలా నల్లగా నున్నగా ఉంటాయి. వెనక కాళ్లు రెండూ ఒకేసారి తెడ్లలా వేస్తూ, గాలి కోసం తోకని పైకి తెచ్చేది డైటిస్సిడ్ (సైబిస్టర్ వగైరా). కాళ్లు ఒకటి విడిచి ఒకటి కదుపుతూ, తలని పైకి తెచ్చేది హైడ్రోఫిలిడ్. చచ్చిన పురుగైతే మీసాలు చూడాలి: దారంలా సన్నగా ఉంటే మొదటిది, పొట్టిగా చివర ఉబ్బి ఉంటే రెండోది. పెద్ద హైడ్రోఫిలస్‌కి పొట్ట కింద ముల్లుంటుంది.

ఇక పైకి రాకుండా అడుగునే ఉండేవి. కింది పెదవి ముడుచుకుని ముఖం మీద తొడుగులా ఉంటే తూనీగ పిల్ల. ఎర కనబడగానే అది చెయ్యిలా చాపి లాక్కుంటుంది. ఒళ్లు సన్నగా, తోక చివర మూడు ఆకుల్లాంటి మొప్పలుంటే సన్న తూనీగ పిల్ల. బలంగా ఉండి, వెనక నుంచి నీటిని చిమ్మి ముందుకి దూకితే పెద్ద తూనీగ పిల్ల. మొప్పలు దాని పేగు చివర లోపలే ఉంటాయి. సన్న తూనీగ పిల్ల మొప్పలు తేలిగ్గా ఊడిపోతాయి కాబట్టి తోక లేదని తోసేయకండి, పెదవి చూడండి. మూడు దారాల తోక, పొట్ట పక్కల రెపరెపలాడే మొప్పలు ఉంటే మేఫ్లై పిల్ల.

ఆకుముక్కలతో గూడు కట్టుకున్నది దొరికితే వెంటనే కాడిస్ (గూడు కట్టుకుని నీళ్లలో పెరిగే ఇంకో రకం పురుగు) అనొద్దు. వరిచేలో ఆకుని గొట్టంలా చుట్టుకుని తేలేది చిలక పురుగు (మాత్) జాతి గొంగళి. దాని పొట్ట కింద కండకాళ్ల జతలుంటాయి. కాడిస్‌కి చివర రెండు కొక్కేలే ఉంటాయి.

కాళ్లు లేనివాటిలో దోమలు ముఖ్యం. నీటి పొరకి సమాంతరంగా పడుకుంటే అనాఫిలిస్, గొట్టం పైకి పెట్టి తలకిందులుగా వేలాడితే క్యూలెక్స్. అసలు పైకి రాకుండా అంతర తామర, గుర్రపుడెక్క వేళ్లకి గొట్టం గుచ్చి గాలి పీల్చేది మాన్సోనియా. ఇది మామూలుగా వల వేస్తే పడదు, వేళ్లు ఝాడిస్తేనే పడుతుంది. ఎర్రగా మెలికలు తిరిగేది కైరోనోమస్. ఆ ఎరుపు హిమోగ్లోబిన్‌ది, గాలి తక్కువ బురదలో బతకడానికి. పొడవాటి తోకతో మురుగులో ఉండేది ఎరిస్టాలిస్ ఈగ పిల్ల.

ఈ ఊపిరి లెక్క చేపల నర్సరీ వాళ్లకి నేరుగా పనికొస్తుంది. స్పాన్ (అప్పుడే పుట్టిన చేపపిల్లలు) వేయడానికి 12 నుంచి 24 గంటల ముందు హెక్టారుకి 56 కిలోల నూనె, 18 కిలోల సబ్బు కలిపి చల్లే పద్ధతి, పైకి వచ్చి గాలి పీల్చే పురుగుల మీదే పనిచేస్తుంది. గాలి వీచే రోజు ఆ పొర చెదిరిపోతుంది. తూనీగ పిల్లలు మొప్పలతో పీలుస్తాయి గనక వాటికి ఏమీ కాదు, వాటిని వలతో లాగెయ్యాల్సిందే.

7. నీటి గురించి తీర్పు ఇచ్చే ముందు

ఎర్ర కైరోనోమస్, ఎరిస్టాలిస్ తప్ప ఇంకేమీ లేకపోతే ఆ నీటిలో ఆక్సిజన్ తక్కువని అనుమానించొచ్చు. అయితే విదేశీ పట్టికల్లో మంచి నీటికి గుర్తుగా గొప్పగా చెప్పే స్టోన్‌ఫ్లై ఇక్కడ కనబడలేదని కాలువ చెడిపోయిందనడం పొరపాటు. అది చల్లగా పారే కొండవాగుల పురుగు, డెల్టా చెరువులో దాన్ని వెతకడమే తప్పు.

8. ఫొటో, సీసా

గ్రాఫ్ కాగితం మీద పై నుంచి, పక్క నుంచి, పొట్ట వైపు నుంచి మూడు ఫొటోలు తీయండి. ఇండియా బయోడైవర్సిటీ పోర్టల్‌లోనో ఐనాచురలిస్ట్‌లోనో పెడితే తెలిసినవాళ్లు సరిచూస్తారు. జాతి దాకా తేల్చాలంటే నమూనా ఉండాలి: 70 మిల్లీలీటర్ల గాఢ ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌కి 30 నీళ్లు కలిపి సీసాలో పోయండి. పురుగు ఒంట్లోని నీటితో అది పలచబడుతుంది కాబట్టి మర్నాడు మార్చాలి. రంగులు ఎలాగూ పోతాయి. తేదీ, ఊరు, చెరువో బోదో, లోతు, మొక్కలు పెన్సిల్‌తో రాసి చీటీని సీసా లోపలే వేయండి. పెన్ను సిరా ఆల్కహాల్‌లో కరిగిపోతుంది. ఒక్కో రకం రెండుకి మించి అక్కర్లేదు, మిగిలినవి పట్టినచోటే వదిలేయండి.

తూనీగ పిల్లని మాత్రం సీసాలో వేయకపోవడమే మేలు. వీపు మీద రెక్కల మొటిమలు ఉబ్బినదాన్ని ఏరి, చెరువు నీళ్లు పోసిన వెడల్పు జాడీలో ఒంటరిగా ఉంచి, రోజూ నాలుగైదు దోమ లార్వాలు వేయండి. జాడీలో నీటి పైకి జానెడు వచ్చేలా గరుకు పుల్ల నిలబెట్టాలి, నున్న పుల్లయితే జారి నీళ్లలో పడి చస్తుంది. తిండి మానేసి పైకి చూస్తూ కూర్చుందంటే గడువు దగ్గరపడినట్టు. చాలాసార్లు రాత్రిపూటే పుల్లెక్కి కుబుసం విడుస్తుంది. తూనీగ రెక్కలు గట్టిపడ్డాక ఫొటో తీసి వదిలేసి, పుల్ల మీద మిగిలిన కుబుసాన్ని, ఫొటోకీ దానికీ ఒకే నంబరు వేసి, అగ్గిపెట్టెలో దాచండి.