కాస్పియన్ ఒడ్డున ఒక రోజు: ముందు ‘వద్దులే’ అనడం రావాలి

మాది కడప. మాకు కొండలు దగ్గర, సముద్రం దూరం. రెండూ ఒకేచోట నేను చూసింది ఇరాన్ ఉత్తరాన, కాస్పియన్ ఒడ్డున. కువైట్‌లో నాతో పనిచేసిన ఇరానీ మిత్రుడిది ఆ పక్క ఊరే, అట్లా వెళ్లాను. మీరు బయల్దేరే ముందు వీసా సంగతి, మన విదేశాంగ శాఖ సూచనలు చూసుకోండి. మన కార్డులు అక్కడ పనిచేయవు కాబట్టి డాలర్లో యూరోలో వెంట ఉండాలి. ఇంకోటి, నోటు మీద ఉండేది రియాల్, జనం నోట్లో ఉండేది తోమాన్. పది రియాల్‌లు ఒక తోమాన్. ఏ లెక్కో అడిగి తీరండి.

పొద్దున రామ్‌సర్‌లో మొదలుపెట్టండి. చిత్తడి నేలల్ని కాపాడే అంతర్జాతీయ ఒప్పందం 1971లో కుదిరింది ఈ ఊర్లోనే. కాస్పియన్ నీటిమట్టం మామూలు సముద్రాల కంటే సుమారు 28-29 మీటర్లు కిందుంటుంది, ఉప్పు మూడో వంతే. ఈతకు ఆడవాళ్లకు, మగవాళ్లకు వేరువేరు చోట్లుంటాయి.

అక్కడినుంచి లాహీజాన్‌కు సవారీ ఎక్కండి. అవును, పేరు అదే. నలుగురు నిండితే కదిలే షేర్ కారు. నేను పరువు పోగొట్టుకుంది అందులోనే. దిగి డబ్బులివ్వబోతే డ్రైవర్ గుండె మీద చెయ్యి పెట్టుకుని ‘ఖాబెల్ నదారె’ అన్నాడు. ‘మీ ముందు ఇదెంతలే’ అని అర్థం. ఎంత మంచోడో అనుకుని డబ్బులు జేబులో పెట్టేసుకున్నాను. మిత్రుడు పరుగెత్తుకెళ్లి ఇచ్చొచ్చాడు!

ఈ మర్యాదను తారోఫ్ అంటారు. మనకేమీ కొత్త కాదు. ఊర్లో ఎవరింటికైనా పోతే ‘బువ్వ తిని పోండి’ అంటారు, ‘ఇప్పుడే తినొచ్చినాం’ అంటాం. మూడోసారి చెయ్యి పట్టుకుని లాగితేనే కూర్చుంటాం. తిండి దగ్గర అక్కడా అదే లెక్క. బాడుగ మాత్రం ఎన్నిసార్లు వద్దన్నా ఇచ్చెయ్యండి.

ఎవరింటికీ ఉత్తచేతులతో పోవద్దు. మిత్రుడింటికి నేను కడప పసుపు అరకిలో తీసుకెళ్లాను. మిత్రుడి తల్లి పొట్లం విప్పి, వాసన చూసి, చిటికెడు అరచేతిలో రుద్దుకుంది. అంతే, ఇక నేను ఆ ఇంటి మనిషినే. చెప్పులు బయట విడిచి తివాచీ మీద కూర్చుంటే మీర్జా ఖాసెమీ పెట్టారు. కాల్చిన వంకాయ, వెల్లుల్లి, టమాటా, పైన గుడ్డు. మన వంకాయ బజ్జికి చుట్టమే, కారమొక్కటే తక్కువ. గంజి వార్చకుండా ఎసరు ఇగిరేలా వండిన అన్నంతో తింటారు. నేను దొంగచాటుగా పప్పుల పొడి కలుపుకున్నాను.

తర్వాత చాయ్. చక్కెర గడ్డను పళ్ల మధ్య పట్టుకుని, దాని మీదుగా తాగాలి. నాకు మొదటి గుక్కకే కరిగిపోయింది. ఆ చుట్టుపక్కల వాలులన్నీ తేయాకు తోటలే. ఆ మొక్కలను మన దేశం నుంచి తీసుకెళ్లిన కాషెఫ్ అల్ సల్తానే సమాధి లాహీజాన్‌లోనే ఉంది, దాన్నే టీ మ్యూజియం చేశారు.

సాయంత్రం అన్జలీ అనే రేవు పట్టణంలో పడవ ఎక్కాలనుకున్నాం గానీ, భోజనమే నాలుగింటి వరకు సాగింది. మీరు రోజుకు రెండూళ్లే పెట్టుకోండి.

బయల్దేరుతుంటే మిత్రుడి తల్లి కొలూచే పొట్లం ఇచ్చింది. అక్రోట్ పూర్ణం పెట్టిన బిస్కెట్లు. రెండుసార్లు వద్దన్నాను. మూడోసారి ఆమె అడగలేదు, నా సంచి జిప్పు తీసి పెట్టేసింది.