చైన్‌సాతో కొయ్యశిల్పం – నాలుగవ పాఠం: పగులును ముందే లెక్కలోకి తీసుకోవడం

గత పాఠంలో చైన్‌సా (యంత్రంతో నడిచే గొలుసు రంపం) గొలుసు పళ్లకు ఆకురాయితో పదును పెట్టడం నేర్చుకున్నాం. ఎండిన చేవ ఆ పదునును త్వరగా తినేస్తుంది కనుక చైన్‌సా శిల్పులు సాధారణంగా పచ్చి దుంగతోనే పని మొదలుపెడతారు. చిక్కల్లా ఆ తరువాత వస్తుంది: శిల్పం పూర్తయ్యాక లోపలి నీరు బయటకు పోతూ దానిని చీలుస్తుంది.

కలపలో తేమ సుమారు 30 శాతం కంటే దిగువకు పడినప్పుడు నారపోగుల గోడలు కుంచించుకోవడం మొదలవుతుంది. నిలువునా ఈ కుదింపు లెక్కలోకి రానంత తక్కువ. అడ్డంగా మాత్రం, కేంద్రం నుంచి బెరడు వైపు కుంచించుకునే దానికి దాదాపు రెండింతలు వలయాల చుట్టుకొలత వెంట కుంచించుకుంటుంది. చుట్టుకొలత తగ్గినంతగా వ్యాసం తగ్గదు కనుక, కేంద్రాన్ని కోసి తీసేయకుండా లోపలే ఉంచిన గుండ్రని దుంగ ఎక్కడో ఒకచోట బెరడు నుంచి కేంద్రం దాకా విచ్చుకోక తప్పదు. నూనెలు, మైనాలు పూస్తే ఎండడం నెమ్మదించి పగుళ్లు తగ్గవచ్చు. పూర్తిగా ఆగుతాయని ఎవరైనా చెబితే నమ్మకండి. మన కొండపల్లి కళాకారులు తెల్లపొణికి చెక్కను సన్నని సెగపై ఆరబెట్టి తేమను ముందే తీసేస్తారు, కానీ అది చేతిలో ఇమిడే బొమ్మకు వీలైన పద్ధతి. మనిషెత్తు మొద్దుకు వీలుకాదు.

ఈ చిక్కునే తన వృత్తికి ఆధారం చేసుకున్నవాడు బ్రిటిష్ శిల్పి డేవిడ్ నాష్. 1945లో పుట్టిన ఆయన, కళాశాల చదువు తరువాత ఉత్తర వేల్స్‌లోని బ్లైనై ఫెస్టినియోగ్ అనే పలకరాతి గనుల ఊరికి చేరి, 1968లో అక్కడి పాత ప్రార్థనా మందిరాన్ని కొని పనిశాలగా మార్చుకున్నాడు. తొలినాళ్లలో గొడ్డలితో చెక్కిన తొమ్మిది గోళాలు ఎండుతూ పగిలాయి. వాటిని పారేయకుండా ‘పగిలిన తొమ్మిది బంతులు’ అనే శిల్పంగానే నిలిపాడు. తరువాత చైన్‌సా ఆయన ప్రధాన పనిముట్టయింది. గాలికి కూలిన చెట్లు, తెగులు వల్లో ప్రమాదకరమనో కొట్టేసిన చెట్లే ఆయన ముడిసరుకు. 1999లో లండన్‌లోని కళాసంస్థ రాయల్ అకాడమీ ఆయనను సభ్యుడిగా ఎన్నుకుంది. ఆయన శిల్పాలలో మనకు పాఠంగా పనికివచ్చేవి ‘పగులు–వంకర’ స్తంభాలు: నడుమ చేవను ముట్టకుండా చుట్టూ దగ్గరదగ్గరగా అడ్డకోతలు కోసి వదిలేస్తే, కోతల మధ్య మిగిలిన పలుచని రేకులు ముందుగా ఎండి, తమకు తోచిన దిక్కుకు వంగి, అంచుల్లో చీలుతాయి. మిగతా రూపాన్ని రంపం తీర్చదు, ఎండడమే తీరుస్తుంది.

అభ్యాసానికి అడుగు వ్యాసం, రెండడుగుల పొడవు ఉన్న పచ్చి వేపదుంగ చాలు. దానిలో మేకులు లేవని చూసుకుని, దొర్లకుండా కర్రదిమ్మెల మధ్య పడుకోబెట్టి పట్టీతో బిగించండి. రెండు కొసల మీదా కేంద్రం చుట్టూ నాలుగంగుళాల చదరం గీయండి. హెల్మెట్, కళ్లద్దాలు, చెవిమూతలు, కోత తగలని కాళ్ల కవచం వేసుకున్నాకే యంత్రాన్ని ముట్టుకోండి. బార్ (గొలుసు తిరిగే పొడవాటి ఇనుప పలక) కింది అంచుతో పైనుంచి నిలువుగా కోస్తూ చదరం గీత దగ్గర ఆగండి; ఆ లోతు నాలుగంగుళాలు ఉంటుంది కనుక బార్ మీద సుద్దతో గుర్తు పెట్టుకుంటే సులువు. బార్ కొస పైభాగం దుంగకు తగిలితే యంత్రం ఒక్కసారిగా మీ ముఖం వైపు ఎగురుతుంది, కాబట్టి ఈ అభ్యాసంలో కొసను కోతకు వాడనే వాడకండి. కోతకూ కోతకూ మధ్య అంగుళం వదలండి. ఒక వైపు వరుస పూర్తయ్యాక యంత్రాన్ని ఆపి, దుంగను పావువంతు తిప్పి, మళ్లీ బిగించి, మొదటి కోతలకు కలిసేలా కోయండి. నాలుగు వైపులా అయ్యేసరికి లోపల చదరపు చేవ ఒక్కటే రేకులన్నిటినీ పట్టుకుని ఉంటుంది.

ఇక దానిని నీడలో, గాలి తగిలేచోట నిలబెట్టి వారానికోసారి ఒకే వైపు నుంచి ఫొటో తీయండి. ఏ రేకు ఎటు వంగిందో, పగులు ఏ అంచున మొదలైందో పుస్తకంలో రాసుకోండి. బెరడు పక్కనుండే తెల్లచెక్కకూ నడుమనుండే చేవకూ తేడా కనిపిస్తే దానిని ప్రత్యేకంగా గుర్తించండి, ఎందుకంటే వచ్చే పాఠంలో గుల్ల పాత్రను చెక్కేటప్పుడు గోడ మందాన్ని నిర్ణయించుకోవడానికి ఆ వివరమే కావాలి.