మందు మరిచిపోయారా, మానేశారా? ముందు అది తేల్చుకోండి

దీర్ఘకాలిక జబ్బుల్లో చెప్పిన మందును చెప్పినట్టు వాడేవాళ్లు సంపన్న దేశాల్లో కూడా సగటున సగం మందేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2003లో ఒక నివేదికలో పేర్కొంది. మిగతా సగాన్నీ నిర్లక్ష్యం అని ఒక్క మాటలో తేల్చేస్తే పని జరగదు. వేసుకుందామనుకుంటూనే మరిచిపోయేవాళ్లు కొందరు, ఆలోచించుకుని ఆపేసేవాళ్లు ఇంకొందరు. మొదటివాళ్లకు ఫోన్‌లో అలారం పనికొస్తుంది. రెండోవాళ్లు ఆ అలారం నొక్కేసి తమ పని తాము చూసుకుంటారు. కింద చెప్పేది రోగిని కనిపెట్టుకుని ఉండే ఇంటివాళ్లకు, నర్సులకు, ఫార్మసిస్టులకు.

అడిగే తీరు

"మందులు సరిగ్గా వేసుకుంటున్నారా?" అంటే "ఆ, వేసుకుంటున్నా" అనే అంటారు. మందుల విషయంలో రోగులు అబద్ధమాడతారు, కనిపెట్టి ఉండమని హిపోక్రటీస్ పేరిట ఉన్న రాతల్లోనే వైద్యులకు హెచ్చరిక ఉంది. తిట్లు తప్పించుకోవడానికి చెప్పే మాటను అబద్ధం అనడం కాస్త ఎక్కువే. తప్పడం మామూలే అని ముందు మీరే ఒప్పుకుని అడగండి: "రోజూ ఇన్ని మందులంటే ఎవరికైనా ఒకటో రెండో తప్పుతుంటాయి. పోయిన వారంలో మీకు ఎన్నిసార్లు తప్పి ఉంటుంది?" వారానికి మించి వెనక్కి వెళ్లొద్దు. నెల సంగతి అడిగితే ఉజ్జాయింపు చెబుతారు.

రెండో ప్రశ్న విడిగా అడగాలి: "కాస్త నెమ్మదించిందనో, పడట్లేదనో మీరే ఆపిన రోజులున్నాయా?" ఈ రెండు జవాబుల్ని కలిపేయకండి. తర్వాత చేయాల్సిందంతా వీటినిబట్టే ఉంటుంది.

ఆ తర్వాత ఇంట్లో ఉన్న మందులన్నీ బయట పెట్టించి, ఒక్కొక్కటీ చూపిస్తూ "ఇది దేనికి? ఎప్పుడు వేసుకుంటారు?" అని అడగండి. బిళ్లలు లెక్కపెట్టండి. రోజుకు రెండు చొప్పున 60 బిళ్లలు తెచ్చుకుంటే 20 రోజులకు 20 మిగలాలి. 32 మిగిలాయంటే 40 వేసుకోవాల్సిన చోట 28 వేసుకున్నారు, అంటే 70 శాతం. పరిశోధనల్లో సాధారణంగా 80 శాతం దాటితే బాగా వాడుతున్నట్టు లెక్క. అది అన్ని మందులకూ సరిపోయే గీత కాదు. మూడు గంటలు ఆలస్యమైతేనే రక్షణ తగ్గే గర్భనిరోధక మాత్రలు కూడా ఉన్నాయి.

ఇక్కడొక చిక్కుంది. డాక్టరు దగ్గరికి వెళ్లే ముందు నాలుగు రోజులు ఠంచనుగా వేసుకుని, వచ్చాక మళ్లీ సడలించేవాళ్లు చాలామంది. అందుకని క్లినిక్‌లో బీపీ బాగుందంటే ఏమీ తేలదు, ఇంట్లో చూసుకున్న రీడింగులు కావాలి. దీనికి రెండో వైపు ఇంకా ప్రమాదం. మందు వేసుకోకపోవడం వల్ల బీపీ పెరిగితే, మందు చాలడం లేదనుకుని డాక్టరు డోసు పెంచుతారు. ఆ మనిషి ఎప్పుడో ఆసుపత్రిలో చేరినప్పుడు నర్సు అన్ని మందులూ వేళకు ఇస్తుంది. బీపీ ఒక్కసారిగా పడిపోతుంది. డోసు పెంచే ముందు బిళ్లలు లెక్కపెట్టడం అందుకే.

మరపు అయితే

ఇది తేలిక సమస్య. రోజూ ఎలాగూ చేసే పనికి మందును ముడిపెట్టండి. "పొద్దున పళ్లు తోముకోగానే" అన్నది "పొద్దున" కంటే గట్టిగా నిలబడుతుంది. ఏడు రోజుల అరల డబ్బా తీసుకుని, వారంలో ఒకే రోజున నింపండి. వేసుకున్నానా లేదా అన్న అనుమానం తీరుతుంది కాబట్టి రెండుసార్లు వేసుకునే ప్రమాదమూ తగ్గుతుంది. అన్నీ అందులో పెట్టకూడదు: గుండెనొప్పికి నాలుక కింద పెట్టుకునే నైట్రోగ్లిజరిన్ దాని సొంత సీసాలోనే, రక్తం గడ్డకట్టకుండా వాడే డాబిగాట్రాన్ దాని అసలు ప్యాకింగులోనే ఉండాలి.

రోజుకు ఎన్ని పూటలు పెరిగితే అన్ని తప్పుతాయి. మూడు పూటల మందుకు బదులు ఒక్క పూట చాలే, నిదానంగా విడుదలయ్యే రకం ఉందేమో డాక్టర్ని అడగండి. ఆ రకం బిళ్లను నూరకూడదు, కొరకకూడదు. నూరితే రోజంతా అందాల్సిన మందు ఒక్కసారే ఒంట్లోకి వెళుతుంది. ఒక డోసు తప్పిందని తర్వాతి పూట రెండు వేసుకోవడం కూడా కూడదు. తప్పితే ఏం చేయాలో ఒక్కో మందుకూ ముందే అడిగి రాసి పెట్టుకోండి. కీళ్లవాతానికి ఇచ్చే మెథోట్రెక్సేట్ విషయంలో మరీ జాగ్రత్త. అది వారానికి ఒక్కసారే, పొరపాటున రోజూ వేసుకుంటే ప్రాణం మీదికి వస్తుంది. వారంలో ఏ రోజున వేసుకోవాలో ప్యాకెట్ మీదే రాయించండి.

కావాలని ఆపేస్తే

ఆపేసిన మనిషి మనసులో ఒక లెక్క ఉంటుంది: ఈ మందు నాకెంత అవసరం, దీనితో నాకెంత నష్టం. అవసరం కనిపించక, నష్టం కనిపిస్తుంటే ఎంత బతిమాలినా ఆ లెక్క మారదు.

బీపీకి నొప్పి ఉండదు. మందు వేసుకున్నందుకు హాయి తెలియదు, వేసుకోనందుకు బాధా తెలియదు. అలాంటప్పుడు కనిపించేది అంకె ఒక్కటే. మొదలుపెట్టే ముందు వారం రీడింగులు, మొదలుపెట్టాక కొన్ని వారాలవి పక్కపక్కన రాసి చూపించండి. ఆస్తమాలో ఆయాసం వచ్చినప్పుడు పీల్చే ఇన్‌హేలర్ నిమిషాల్లో పనిచేస్తుంది, రోజూ పీల్చాల్సిన స్టెరాయిడ్ ఇన్‌హేలర్ అప్పటికప్పుడు ఏ తేడా చూపించదు. అందుకే మూలన పడేది రెండోదే. డిప్రెషన్ మందులకు గుణం కనిపించడానికి వారాలు పడుతుంది, వికారం లాంటివి మాత్రం మొదటి రోజుల్లోనే వస్తాయి. ఈ తిరకాసు ముందే చెప్పకపోతే మొదటి వారంలోనే ఆపేస్తారు. క్షయలో కొన్ని వారాలకే దగ్గు తగ్గి, ఆకలి పుడుతుంది. మామూలు క్షయకు కోర్సు మాత్రం 6 నెలలు. నెమ్మదిగా పెరిగే సూక్ష్మక్రిములు అప్పటికీ మిగిలి ఉంటాయి. మధ్యలో ఆపితే జబ్బు తిరగబెట్టవచ్చు, మందులకు లొంగని రకంగానూ మారవచ్చు.

సైడ్ ఎఫెక్టులకు చాలాసార్లు తేలికైన విరుగుడే ఉంటుంది, అడిగేవాళ్లే ఉండరు. ఎనలాప్రిల్, రామిప్రిల్ లాంటి బీపీ మందులతో వచ్చే పొడిదగ్గుకు దగ్గు సిరప్ వాడి లాభం లేదు, మందు రకమే మార్చాలి. షుగరు మందు మెట్‌ఫార్మిన్‌తో కడుపు పాడైతే తక్కువ డోసుతో మొదలుపెట్టడం, తిండితో వేసుకోవడం, నిదానంగా విడుదలయ్యే రకానికి మారడం అనే మూడు దారులున్నాయి. మూత్రం ఎక్కువ చేసే బిళ్ల రాత్రి కాక పొద్దున వేసుకుంటే నిద్ర చెడదు. స్టెరాయిడ్ ఇన్‌హేలర్ తర్వాత నోరు పుక్కిలించి ఉమ్మేస్తే నోటి పూత రావడం తగ్గుతుంది. క్షయ మందు రిఫాంపిసిన్‌తో మూత్రం నారింజ రంగులోకి, ఐరన్ బిళ్లలతో మలం నల్లగా మారడం మామూలే. చెప్పకపోతే మాత్రం హడలిపోతారు. లైంగిక ఇబ్బందుల గురించి వాళ్లంతట వాళ్లు చెప్పరు. ఏకాంతంగా, మామూలు గొంతుతో మీరే అడగాలి.

"కిడ్నీలు పోతాయట" అనే భయాన్ని కొట్టిపారేయకండి. ఏ మందు గురించి, ఎక్కడ విన్నారో కనుక్కోండి. కొన్ని నొప్పి బిళ్లల విషయంలో ఆ భయం నిజమే. బీపీ విషయంలో మాత్రం అదుపులో లేని బీపీయే కిడ్నీలను దెబ్బతీస్తుంది. డబ్బు సంగతీ సూటిగా అడగండి: "మందులు కొనడం భారమై రోజు విడిచి రోజు వేసుకుంటున్నారా?" అవునంటే నీతులొద్దు, చవక రకం రాయమని డాక్టర్ని అడగడం మీ పని.

ఆపేశారని తెలిసిన వెంటనే మందు పేరు చూడండి. బీపీకి, గుండెకు వాడే మెటోప్రొలాల్ లాంటి బీటా బ్లాకర్లు, బీపీ మందు క్లోనిడిన్, వారాల తరబడి వాడిన స్టెరాయిడ్ బిళ్లలు, మూర్ఛ మందులు ఉన్నట్టుండి ఆపితే ప్రమాదం. అదే రోజు డాక్టర్‌కు ఫోన్ చేయాలి. పాత డోసుతో మళ్లీ మొదలుపెట్టించడమూ అన్నిటికీ క్షేమం కాదు. మూర్ఛ మందు లామోట్రిజిన్ కొన్ని రోజులు ఆగిపోతే మళ్లీ తక్కువ డోసు నుంచి ఎక్కాల్సి రావచ్చు.

చెప్పింది అందిందా

"అర్థమైందా?" అని అడగకండి, తల ఊపుతారు. "నేను సరిగ్గా చెప్పానో లేదో చూసుకోవాలి, ఇంటికెళ్లాక ఎలా వేసుకుంటారో ఒకసారి చెప్పండి" అనండి. తేడా వస్తే ఆ ముక్క మాత్రం మళ్లీ చెప్పి మళ్లీ అడగండి. "వ్యాయామం చేయండి" లాంటి సలహా ఎవరికీ గుర్తుండదు. ఎన్ని నిమిషాలు, ఏ వేళ, వారంలో ఏయే రోజులు అన్నది వాళ్లచేతే చెప్పించాలి. కొత్త మందు మొదలుపెట్టిన వారం పది రోజుల్లో ఒకసారి ఫోన్ చేయండి. ఆపేసేవాళ్లు చాలామంది ఆ తొలి రోజుల్లోనే ఆపేస్తారు.

అన్నీ విని, అర్థం చేసుకుని కూడా వద్దనేవాళ్లుంటారు. కాదని బలవంతపెడితే బిళ్లలు చెత్తబుట్టలోకి వెళతాయి, మీకు నిజం తెలిసే దారి మూసుకుపోతుంది. "వీటిలో ఏవైతే వేసుకోగలరు?" అని అడగండి. ఐదింటిలో రెండే అంటే, ఆ సంగతి దాచకుండా డాక్టర్‌కు చెప్పండి. ఏ రెండు తప్పనిసరో ఎంచాల్సింది ఆయన.